ఫైర్‌ఫాక్స్ ఓయస్ డెవలపర్ల సముదాయం

ఫైర్‌ఫాక్స్ ఓయస్ మొజిల్లా సంస్థ ఆధ్వర్యంలో రూపొందిన మొబైలు ఫోను నిర్వాహక వ్యవస్థ. లినక్సు కెర్నెల్‌పై నిర్మించిన దీని సోర్సు కోడును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు. 2011 జూలైలో "బూట్ టు గెక్కో" పేరుతో ప్రారంభమైన ఈ ప్రాజెక్టుకు 2012లో ఈ పేరు పెట్టారు.

సముదాయ నిర్మాణం

దీని అనువర్తనాలను హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్టు వంటి వెబ్ భాషలలోనే వ్రాసేవారు. అందువలన వెబ్ పేజీల తయారీ తెలిసినవారు మరో భాష నేర్వకుండానే ఇందులో పాల్గొనగలిగారు. ఫైర్‌ఫాక్స్ విహారిణిని తెలుగు వంటి భాషలలోకి తేవడంలో పాలుపంచుకున్న స్వచ్ఛంద కార్యకర్తల వ్యవస్థ మొజిల్లాకు అప్పటికే ఉన్నది. 2013 ఆరంభంలో పలు దేశాలలో "యాప్ డేస్" సమావేశాలు జరిగాయి. అదే సంవత్సరం, అనువర్తనాలు వ్రాయడానికి ముందుకు వచ్చిన డెవలపర్లకు మొజిల్లా ఉచితంగా ఫోన్లు అందించింది.

భారతదేశంలో

2014 ఆగస్టులో ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ ఫోను 1,999 రూపాయల ధరకు విడుదలైనది. అయితే వాట్సాప్ అధికారిక అనువర్తనం లేకపోవడం పెద్ద లోటయింది. వాడుకరులు తగినంతగా లేనిదే పెద్ద సంస్థలు అనువర్తనాలు తయారుచేయవు; అనువర్తనాలు లేనిదే వాడుకరులు పెరగరు.

విరమణ, వారసత్వం

2015 డిసెంబరులో మొజిల్లా ఫోన్ల విక్రయ ప్రయత్నాన్ని విరమించుకుంది. స్వచ్ఛంద కార్యకర్తలు "బీటూజీ ఓయస్" పేరుతో కొనసాగించడానికి ప్రయత్నించినా, సంస్థ అండ లేక అది నిలవలేదు. సోర్సు కోడు మాత్రం మిగిలింది. దాని నుండి పుట్టిన కైఓయస్ 2017లో జియోఫోనులో చేరింది. 2018లో ఆ ఫోనుకు వాట్సాప్ కూడా వచ్చింది.