కాన్పు తర్వాత ఆగని రక్తం – మందులలో తేడాలు

రోజూ సంఘంలో పాలు పోసే మనకు అరలీటరు అంటే ఎంతో తెలుసు. కాన్పు తర్వాత తల్లికి పోయే రక్తం ఆ అరలీటరుకు చేరిందంటే ప్రమాదం మొదలైనట్లే. రక్తహీనత గల తల్లికి అంతకంటె తక్కువ పోయినా ప్రాణం మీదికి రావచ్చును.

బిడ్డ పుట్టి, మాయ పడిన తర్వాత గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి. అప్పుడే తెరుచుకొన్న రక్తనాళాలు నొక్కుకొని రక్తం ఆగుతుంది. ముడుచుకోకపోవడమే అధిక రక్తస్రావానికి ముఖ్య కారణం. దీనికి ప్రధానంగా వాడే మందులు నాలుగు.

1. ఆక్సిటోసిన్: దూడ మూతి పెట్టగానే గేదె చేపేది దాని ఒంట్లో ఊరే ఈ పదార్థం వల్లనే. గర్భసంచిని ముడిచేదీ ఇదే. బిడ్డ పుట్టగానే తల్లికి ముందుజాగ్రత్తగా 10 యూనిట్లు ఇస్తారు. దీనిని 2 నుంచి 8 డిగ్రీల చలిలో నిల్వ చేయాలి. విరిగిన పాలు కంటికి కనబడతాయి. వేడికి చెడిన ఈ మందు మాత్రం తేటనీళ్ళలాగే ఉంటుంది.

2. మిథైల్ ఎర్గోమెట్రిన్: ఇదీ గర్భసంచిని బిగిస్తుంది. కాని బి.పి. ఎక్కువగా ఉన్న తల్లికి ఇవ్వరాదు. దీనికీ చలి అవసరమే.

3. మిసోప్రొస్టాల్: ఇది మాత్ర. ఫ్రిజ్ లేనిచోట, సూది వేసేవారు లేనిచోట ఆదుకుంటుంది. చలి, వణుకు, జ్వరం రావచ్చును. రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఈ మాత్రను బిడ్డ పుట్టకముందు వేయరాదు.

4. ట్రానెక్సామిక్ ఆమ్లం: ఇది గర్భసంచిని ముడవదు, గడ్డకట్టిన రక్తం తిరిగి కరగకుండా కాపాడుతుంది. అందువల్ల ఇది మొదటి మందులకు తోడేగాని బదులు కాదు. 21 దేశాలలో 20,060 మంది తల్లులపై జరిపి 2017లో ప్రకటించిన పరీక్షలో, కాన్పు అయిన 3 గంటలలోపు ఇచ్చినప్పుడు రక్తస్రావ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. ఆలస్యమైనకొద్దీ ఫలితం తగ్గుతుంది.

ఇవన్నీ వైద్య సిబ్బంది చేతి మందులు. నొప్పులు త్వరగా రావాలని ఇంటివద్ద ఆక్సిటోసిన్ సూది వేయించడం మహా ప్రమాదం. గర్భసంచి చిరిగిపోవచ్చును, బిడ్డకు ఊపిరి అందకపోవచ్చును. పాలు చేపడానికి పశువులకు తెచ్చి పెట్టుకొన్న సీసాను ఎట్టి పరిస్థితిలోనూ మనుషులకు వాడరాదు. వైద్యుని చీటీ లేకుండా ఈ మందు అమ్మడం, కొనడం తప్పు. పశువు ఆరోగ్యం చెడేలా పాల కోసం సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడాను.

కాన్పు ఆసుపత్రిలోనే జరిగేటట్లు ముందే ఏర్పాటు చేసుకోండి. ఇంటికి వచ్చిన తర్వాతనైనా గుడ్డ వెంటవెంటనే తడిసిపోతున్నా, తల్లికి కళ్ళు తిరిగినా, ఒళ్ళు చల్లబడినా 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోగా బిడ్డకు పాలు పట్టించండి. తల్లి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ ఊరుతుంది. అయితే అది మందుకు బదులు కాదు. తెల్లవారనిద్దాం అనుకోకండి.