కొయ్యవంతెన ఆయుష్షు

జపాను దేశమున ఇవాకుని పట్టణము చెంత ప్రవహించు నిషికి నది, పొంగినప్పుడెల్ల తనపై కట్టిన వంతెనలను ఊడ్చుకొనిపోవుచుండగా, ఆ సీమ ప్రభువైన కిక్కావా హిరోయోషి నదిలో నాలుగు రాతి స్తంభములను నిలిపించి, వానిపై అయిదు కొయ్యవంపులు కట్టించి, 1673లో కింతాయి వంతెనను పూర్తిచేయించెను. నడుమనున్న మూడు కమానులలో ఒక్కొక్కటి సుమారు 35 మీటర్ల దూరమును, క్రింద ఏ గుంజయు ఆనకయే దాటుచున్నది. మరుసటి యేటి వరదకే ఆ కట్టడము కూలిపోయినను, స్తంభముల చుట్టును నదీగర్భమున రాతిపరుపు పరపించి ఆ సంవత్సరముననే తిరిగి కట్టిరి. అట్లు కట్టిన వంతెన 1950 వరకును, అనగా 276 సంవత్సరములు, నిలిచెను.

ఈ మాట విని, అందలి కలప వజ్రకాయమై యుండునని తలచువారు పొరపడుదురు. నడిమి కమానులను సుమారు 20 ఏండ్లకొకమారును, ఒడ్లనంటియున్న రెంటిని సుమారు 40 ఏండ్లకొకమారును విప్పి, క్రొత్త కలపతో పూర్వరూపముననే కూర్చుట అచ్చటి సంప్రదాయము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఈ పోషణ కుంటువడినది. 1950 సెప్టెంబరులో కిజియా తుపానువలన వచ్చిన వరదకు, అప్పటికే బలము తగ్గియున్న వంతెన కొట్టుకొనిపోయెను. 1953లో దానిని మరల నిలిపిరి. రెండున్నర శతాబ్దములకు పైగా దానిని కాపాడినది తరతరముల వడ్రంగుల చేయి.

కలప కేవలము వయస్సుచేత చెడదు. పొడిగానున్న దూలము తరములు నిలుచుట మన పాత మండువా యిండ్లయందే చూడవచ్చును. కొయ్యను పుచ్చజేయు శిలీంధ్రమునకు తడియు గాలియు రెండును కావలెను. కలపలోని తేమ దాని పొడిబరువులో 20 శాతమునకు మించనంతకాలము అది తల యెత్తజాలదు. నీట పూర్తిగా మునిగిన గుంజభాగము గాలి యందనందున చిరకాలము నిలుచును; ఎండకు ఆరుచుండు పైభాగమును నిలుచును; ఆ రెంటికిని నడుమ, నీటిమట్టపు అంచునను, గుంజ నేలలో దిగిన చోటను మొదట మెత్తబడును. కావున నీరు ఎక్కడ నిలుచునో ఎరిగి, అక్కడ నిలువకుండ జేయుటయే కొయ్యవంతెన రచనయందలి సారము.

ఇందులకు మొదట కలపను ఎన్నుకొనవలెను. టేకువంటి చెట్ల నడిమి చేవ పుచ్చునకు సులభముగా లొంగదు. అదే చెట్టున పైనుండు తెల్లచెక్కకు అంతటి సత్తువ లేదు. పిమ్మట కోసిన కొనలను కాపాడవలెను. చెట్టు నీటిని పైకి తోడుకొను సన్ననాళములు కలప పొడవునను సాగియుండుటచే, కోసిన కొన, ప్రక్క ముఖముకంటె ఎన్నో రెట్లు వేగముగా నీటిని పీల్చును. అందుచేత కొనలకును దూలముల పైభాగమునకును రాగిరేకో జింకురేకో తొడుగుదురు. నడకపలకల నడుమ 8 నుండి 10 మిల్లీమీటర్ల సందు విడిచినచో వాననీరు జారిపోవును. దూలపు కొనను ఒడ్డుమట్టిలో పూడ్చక, రాతిదిమ్మెపై ఎత్తున నిలిపి, చుట్టును గాలియాడనీయవలెను. స్విట్జర్లాండులోని లూసర్న్ నగరమున 14వ శతాబ్దమున కట్టిన కాపెల్ వంతెనకు పొడవునను పైకప్పే వేసిరి. వానకు వెరవని ఆ వంతెన 1993 ఆగస్టు 18వ తేదీన నిప్పునకు చాలభాగము ఆహుతి కాగా, 1994 ఏప్రిల్‌లో మరల తెరచిరి.

చేవలేని కలపకు ఔషధము కలదు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంటి కామేశం, రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణములను కలిపి 1933లో 'ఆస్క్యూ' అను మందును కనిపెట్టెను. మూసిన తొట్టిలో ఒత్తిడితో దీనిని కలపలోనికి ఎక్కింతురు. ప్రపంచమంతటను దశాబ్దములపాటు వాడిన ఈ విధానమును, ఆర్సెనిక్ విషమగుటచేత, మనుష్యుల చేతులు తగులు కట్టడములయందు పలుదేశములు ఈ శతాబ్దారంభమున పరిమితము చేసినవి. అట్టి కలప ముక్కలను పొయ్యిలో పెట్టరాదు. పొగయు బూడిదయు హానికరములు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను తనిఖీ తప్పదు. పనివాడు వంతెన క్రిందికి దిగి దూలమును సుత్తితో తట్టును. గట్టి కొయ్య ఖంగుమనును, డొల్లబారినది బోలుగా మ్రోగును. అనుమానము కలిగిన చోట మొనగల పనిముట్టును గ్రుచ్చి పైకి మీటును. ఆరోగ్యవంతమైన కలప పొడవైన పీచుగా లేచును, పుచ్చినది పుటుక్కున పొట్టిగా విరుగును. పలకల సందులలో చేరిన ఆకులు, మట్టి తడిని పట్టియుంచును గనుక వానిని ఊడ్చవలెను. ఎండలకు కలప కుదించుకొని వదులైన బోల్టులను బిగింపవలెను. పలకలను మేకులతో దిగగొట్టక మరలతో బిగించినచో, చెడినదానిని ఒక్కదానినే ఊడదీసి మార్చవచ్చును.

మన కోనసీమ పంటకాలువలపై తాటిదూలములను, కొబ్బరిమానులను పరచి దాటుట పరిపాటియే. మట్టిలో ఆనిన కొనలు అక్కడ ముందుగా మెత్తబడుచున్నవి. ఆ కొనల క్రింద నాలుగు రాళ్లు పేర్చుటకు పెద్ద వ్యయము కానేరదు. కాలువపై గాని, వాగుపై గాని కొయ్యవంతెన వేయదలచిన గ్రామస్థులు, కట్టుబడి సొమ్ముతోపాటు మరమ్మతు సొమ్మును మొదటిదినముననే వేరుపరచి, యేటేట వానలు వెలిసినపిదప దానిని క్రిందినుండి చూచు బాధ్యతను ఒక మనిషికి అప్పగింపవలెను.