వానకు తడవని పెట్టె, దొంగకు లొంగని తాళం

ఎలక్ట్రిక్ సైకిల్ కొనదలచిన కుటుంబం దుకాణంలో సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతుంది. ఒకసారి చార్జింగ్ చేస్తే ఎంత దూరం నడుస్తుంది? ధర ఎంత? బ్యాటరీని ఎలాంటి పెట్టెలో అమర్చారు, దాని తాళం ఎంత గట్టిది, వాన నీరు లోపలికి దిగే సందు ఉందా అని విచారించేవారు అరుదు. సైకిల్ మొత్తంలో ఖరీదైన భాగం బ్యాటరీయే అయినప్పటికీ, దానిని కాపాడే పెట్టె మాత్రం చాలామంది దృష్టికి రాదు.

ఇళ్లకు వెళ్లి పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే హాఫిజ్‌లు, కళాశాల విద్యార్థులు, చిన్న సరుకులు మోసుకెళ్లే వ్యాపారులు ఇప్పుడు ఈ సైకిళ్లను వాడుతున్నారు. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేకపోవడం కూడా ఇందుకు ఒక కారణం. స్థోమత లేనివారు పాత సైకిల్‌కే మోటారు బిగించి, బ్యాటరీని, దాని పెట్టెను విడిగా కొంటున్నారు. అలాంటప్పుడు పెట్టెను ఎంచుకునే బాధ్యత పూర్తిగా మనదే అవుతుంది.

ఫిఖ్హ్ గ్రంథాలలో దొంగతనానికి సంబంధించిన అధ్యాయం చదివినవారికి ‘హిర్జ్’ అనే మాట పరిచితమే. ఒక వస్తువును జనం సాధారణంగా ఎక్కడ, ఏ విధంగా భద్రపరుస్తారో ఆ భద్రమైన చోటునే హిర్జ్ అంటారు. షాఫియీ పండితులు ఇది వస్తువును బట్టి మారుతుందన్నారు. పశువులకు కొట్టం హిర్జ్ కావచ్చు గానీ, బంగారానికి కాదు. హజ్రత్ సఫ్వాన్ బిన్ ఉమయ్యా (రజి) మస్జిద్‌లో తమ పైవస్త్రాన్ని తల కింద పెట్టుకుని నిద్రిస్తుండగా ఒకడు దానిని దొంగిలించిన ఉదంతం అబూ దావూద్, నసాయీ హదీసు గ్రంథాలలో ఉంది. అక్కడ గదీ లేదు, పెట్టే లేదు. అయినా యజమాని తల ఆ వస్త్రం మీదే ఉంది గనుక అదే దానికి కాపలాగా పండితులు పరిగణించారు. మనం మగ్రిబ్ నమాజుకు లోపలికి వెళ్లి, సైకిల్‌ను గోడ పక్కన వదిలినప్పుడు దాని మీద మన తలా ఉండదు, చూపూ ఉండదు. అప్పుడు బ్యాటరీకి హిర్జ్ ఆ పెట్టె, ఆ తాళమే. ముందు ఒంటెను కట్టి, తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న దైవప్రవక్త (సఅసం) ఉపదేశం మన పిల్లలకు కూడా కంఠస్థమే గనుక దానిని ఇక్కడ విస్తరించనక్కరలేదు.

తాళం సంగతి

బజారులో మూడు రకాల ఏర్పాట్లు కనిపిస్తాయి. హ్యాండిల్ దగ్గర నుండి పెడళ్ల వైపుకు ఏటవాలుగా దిగే గొట్టం మీద బిగించే గట్టి పెట్టె ఒకటి. వెనుక క్యారియర్ కింద సొరుగులా జొనిపే పెట్టె మరొకటి. ఫ్రేము మధ్య ఖాళీలో వేలాడదీసే జిప్పు సంచి మూడవది. ఈ సంచి ధర తక్కువే. కానీ బ్లేడుతో ఒక గీత గీస్తే తెరుచుకునేదాన్ని భద్రమైన చోటు అనలేము. జిప్పు కుట్ల గుండా వాన నీరు కూడా దిగుతుంది. క్యారియర్ కింది పెట్టె ఫరవాలేదు గానీ, వెనుక చక్రం గుంతలో పడిన ప్రతిసారీ ఆ కుదుపు నేరుగా బ్యాటరీకి తగులుతుంది. నా దృష్టిలో ఏటవాలు గొట్టం మీది పెట్టె మేలైనది. బరువు కిందుగా, మధ్యగా ఉండి సైకిల్ నిలకడగా నడుస్తుంది.

ఈ పెట్టెకు అడుగున ఒక పలక ఉంటుంది. దానిని మరలతో గొట్టానికి బిగించి, బ్యాటరీ ఉన్న పెట్టెను ఆ పలకలోకి జారుస్తారు. బ్యాటరీ తన స్థానంలో ఉన్నప్పుడు పలక మరలు బయటికి కనిపించకూడదు. కనిపించాయంటే దొంగకు తాళంతో పని లేదు. ఒక స్క్రూడ్రైవరుతో పలకతో సహా మొత్తం ఊడదీసుకుపోతాడు. తాళం నాలుక పలకలోకి లోతుగా దిగాలి. తాళం వేసి, పెట్టెను రెండు చేతులా పట్టి పైకీ పక్కకూ గుంజి చూడండి. కదలిక ఉంటే ఆ పెట్టె వద్దు. కదిలే పెట్టెలో తాళమే కాదు, లోపలి వైర్లు కూడా ఒరుసుకుని పైపొర పోగొట్టుకుంటాయి.

మరొక పరీక్ష ఉంది. చవక రకాల్లో ఒకే తాళంచెవి పలు పెట్టెలకు సరిపోవడం ఉంటుంది. దుకాణంలో అదే రకం ఇంకొక పెట్టె తాళంచెవిని అడిగి తీసుకుని మీ పెట్టెకు పెట్టి తిప్పండి. తెరుచుకుంటే ఇక చెప్పేదేముంది? తాళం ఏదైనా దొంగను శాశ్వతంగా ఆపదు, ఆలస్యం చేస్తుంది. అందుకే తరావీహ్ వంటి దీర్ఘమైన నమాజులకు వెళ్లినప్పుడు బ్యాటరీని విప్పి వెంట తీసుకుపోవడం ఉత్తమం. 36 వోల్టుల సాధారణ బ్యాటరీ రెండున్నర, మూడు కిలోలే ఉంటుంది. సులువుగా విప్పి పట్టుకుపోయే పిడి పెట్టెకు ఉందా లేదా అన్నది కూడా కొనేటప్పుడే చూడవలసిన విషయం.

లోపల చెమ్మ

దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులోకి చేయి పోనిచ్చారు. పైన పొడిగా కనిపించిన గింజలు లోపల తడిగా తగిలాయి. వర్తకుడిని అడిగితే వాన పడిందన్నాడు. తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (సఅసం) నిలదీశారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉదంతాన్ని మనం అమ్మేవారికి హెచ్చరికగానే చదువుతాము. అందులో కొనేవారికి కూడా ఒక పాఠం ఉంది. పైపై మెరుపును నమ్మక, లోపలికి చేయి పెట్టి చూడాలి.

పెట్టె మీద ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట ఉంటే చాలదు. ‘ఐపీ’ అనే అక్షరాల పక్కన రెండు అంకెలు ఉన్నాయేమో చూడండి. మొదటి అంకె దుమ్ము నుండి రక్షణను, రెండవది నీటి నుండి రక్షణను తెలుపుతాయి. రెండవ అంకె 4 అయితే అన్ని వైపుల నుండి చిందే నీటిని, 5 అయితే గొట్టం నుండి వచ్చే ధారను, 6 అయితే బలమైన ధారను తట్టుకుంటుంది. 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా లోపలికి హానికరమైన మోతాదులో నీరు చేరదని అర్థం. ఇక్కడ చాలామంది పొరబడతారు. ముంపు పరీక్ష వేరు, ధార పరీక్ష వేరు. 67 అని ఉన్న పెట్టె సర్వీసింగ్ సెంటరులోని పంపు ధారను కూడా తట్టుకుంటుందనే హామీ ఆ అంకెలో లేదు. పైగా ఈ పరీక్షలు కొత్త పెట్టెకు, మంచినీటితో జరిపేవి. కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల ఉప్పు గాలిని, మూడేళ్లు ఎండకు ఎండిన రబ్బరును అవి లెక్కలోకి తీసుకోవు. మన వానలకు కనీసం 65 ఉన్న పెట్టె కావాలని నా అభిప్రాయం. తీర ప్రాంతంవారు మరలు స్టెయిన్‌లెస్ స్టీలువేనా అని కూడా అడగాలి.

నీరు ఎక్కడి నుండి దిగుతుంది? సాధారణంగా మూత అతుకు నుండి కన్నా, చార్జింగ్ పిన్ను పెట్టే రంధ్రం నుండీ, మోటారు వైరు బయటికి వచ్చే చోటు నుండీ దిగుతుంది. చార్జింగ్ రంధ్రానికి బిగుతైన రబ్బరు మూత ఉండాలి. అది పెట్టెకు అతికి ఉండాలి, లేకపోతే వారంలో ఎక్కడో జారిపోతుంది. వైరు పెట్టె పైభాగం నుండి కాక కింది నుండి రావాలి. పెట్టెలోకి వెళ్లేముందు వైరు కొంచెం కిందికి వంగి మళ్లీ పైకి లేస్తే, దాని వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కొళాయి మెకానిక్కులకు, కరెంటు పనివారికి తెలిసిన పాత ఉపాయమే ఇది.

ఖాళీ పెట్టె కొన్నవారు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. లోపల పొడి వార్తాపత్రిక ముక్కలు పరిచి, మూత బిగించి, మొక్కలకు నీరు పోసే డబ్బాతో పది నిమిషాలు అన్ని వైపుల నుండీ పోయండి. బయట తుడిచి, తెరిచి చూడండి. నా వద్ద చదివిన ఒక హాఫిజ్ ఆన్‌లైన్‌లో తెప్పించిన పెట్టెకు ఈ పరీక్ష చేస్తే, కాగితం ఒక మూల పూర్తిగా నానిపోయింది. బ్యాటరీ ఇంకా అందులో పెట్టలేదు గనుక అతడు దానిని తిరిగి పంపి డబ్బు తీసుకోగలిగాడు. లోపం బయటపడిన సరుకును వాపసు చేసే హక్కును, ఖియారుల్ ఐబ్ అనే పేరుతో, షరీఅత్ ఏనాడో ఇచ్చింది. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

పెట్టె మీద పాలిథిన్ కవరు చుట్టి తాడుతో బిగించే అలవాటు కొందరికి ఉంది. వాన పడుతున్నంతసేపు అది సాయపడుతుంది. తరువాత కూడా అలాగే ఉంచితే లోపలి తేమ బయటికి పోలేక ఆవిరి పట్టి, పిన్నులకు చిలుము పడుతుంది. ఇల్లు చేరగానే విప్పేయాలి.

పెట్టె ఆపలేనిది

ఇంతవరకు బ్యాటరీని లోకం నుండి కాపాడుకోవడం గురించి చెప్పుకున్నాము. ఇంటివారిని బ్యాటరీ నుండి కాపాడుకోవడం అంతకన్నా ముఖ్యం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి, అదే గదిలో నిద్రిస్తున్న ఒక వృద్ధుడు మరణించారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఇంటి యజమాని ప్రాణం పోయింది. సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, పై అంతస్తుల్లోని హోటలుకు పొగ కమ్ముకుని 8 మంది మృతి చెందారు. రిజిస్ట్రేషన్ అవసరమయ్యే వాహనాల బ్యాటరీలకు కేంద్రం ఏఐఎస్ 156 అనే భద్రతా నియమాలను కఠినతరం చేసి, 2022 డిసెంబరు 1 నుండి, 2023 మార్చి 31 నుండి రెండు దశల్లో అమలులోకి తెచ్చింది. వీధి చివర జత కూర్చిన సైకిల్ బ్యాటరీకి అలాంటి కాపలా ఉందనుకోవద్దు.

లిథియం బ్యాటరీలో ఒక గడి అదుపు తప్పి వేడెక్కితే, మండే వాయువులు వెలువడి పక్క గడులనూ రగిలిస్తాయి. ఏ సైకిల్ పెట్టె కూడా ఆ మంటను లోపల బంధించలేదు. గాలి చొరకుండా పూర్తిగా మూసేసిన ఇనుప డబ్బా మరింత ప్రమాదం, ఒత్తిడి పెరిగి బాంబులా పగులుతుంది. అందుకే మంచి పెట్టెలో నీటిని ఆపుతూనే వాయువును వదిలే చిన్న ఏర్పాటు ఉంటుంది. ప్లాస్టిక్ కూడా మంటను త్వరగా అంటుకోని రకమై ఉండాలి. ‘వి 0’ అనే గుర్తు దానికి సూచన. పెట్టె కొలత సరిపోకపోతే బ్యాటరీని బలవంతంగా అదిమి మూత బిగించేవారున్నారు. గడుల మీద ఆ ఒత్తిడి పడకూడదు. వదులుగా ఉంటే చుట్టూ ఫోమ్ ముక్కలు సర్దించాలి.

రాత్రి నిద్రించేముందు దీపాలు ఆర్పివేయమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఎలుక వత్తిని ఈడ్చుకుపోయి ఇంటివారితో సహా ఇంటిని తగులబెట్టగలదని కారణం కూడా వివరించారు. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ మనుషులతో సహా కాలిపోయిన వార్త విన్నప్పుడు, నిప్పు మీకు శత్రువని హెచ్చరించారు. ఈ హదీసులు బుఖారీలో ఉన్నాయి. మన ఇళ్లలో ఆ వత్తి దీపం ఇప్పుడు లేదు. ఆ స్థానంలో పడక పక్కనే రాత్రంతా వెలిగే చార్జర్ ఉంది. ఇషా తరువాత పెట్టి ఫజ్ర్‌కు తీసే అలవాటు మానాలి. చార్జింగ్ మెలకువగా ఉన్నప్పుడే జరగాలి. పాతబస్తీ సందుల్లో ఒకే తలుపున్న ఇళ్లు ఎన్నో. ఆ తలుపు దగ్గరే, చెప్పుల పక్కనే బ్యాటరీకి చార్జింగ్ పెడితే, మంట లేచినప్పుడు లోపలివారికి బయటపడే దారే ఉండదు. మెట్ల కిందా వద్దు. వరండాలో, డాబా మీద నీడలో, చుట్టూ పరుపులూ తెరలూ లేని రాతి నేల మీద పెట్టాలి. ఎండలో నుండి తెచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చి, ఆ తరువాతే చార్జర్ తగిలించాలి. సాధారణంగా 45 డిగ్రీలకు మించిన వేడిలో లిథియం బ్యాటరీకి చార్జింగ్ తగదు. మే నెలలో ఎండలో నిలిపిన నల్లని పెట్టె ఆ హద్దును ఇట్టే దాటుతుంది. నిప్పు అంటుకుంటే సామాను కోసం చూడక అందరినీ బయటికి పంపి, 101కు ఫోను చేయాలి.

మస్జిద్ స్విచ్ బోర్డుకు చార్జర్ తగిలించి నమాజులో నిలబడేవారిని కూడా చూస్తున్నాము. ఆ విద్యుత్తు వక్ఫ్ సొమ్ముతో వచ్చినది. నిర్వాహకుల అనుమతి లేకుండా సొంత వాహనానికి వాడుకోవడం సమ్మతం కాదు. పైగా ఖుర్ఆన్ ప్రతుల అరల పక్కన, జానమాజుల మధ్యన అది ఉండవలసిన వస్తువు కాదు. కమిటీవారు ఆరుబయట ఒక చోటు చూపి, రుసుము నిర్ణయిస్తే అందరికీ మేలు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఎన్నో వాహనాలు నీటి పాలయ్యాయి. అలా మునిగిన బ్యాటరీ పైకి ఆరినట్లు కనిపించినా లోపలి బురద నీరు కొన్ని రోజుల తరువాత కూడా షార్ట్ సర్క్యూట్ చేయగలదు. దానికి చార్జింగ్ పెట్టకూడదు, ఇంట్లో ఉంచకూడదు, తెలియనివారికి అమ్మడం అసలే కూడదు. తడిసిన గింజలను రాశి అడుగున దాచడమే అవుతుంది.

ఏటా మృగశిర కార్తెకు ముందే పెట్టె మూత అంచున ఉండే రబ్బరును వేలితో నొక్కి చూడండి. గట్టిపడినా, పగిలినా మార్పించండి. పలక మరలు బిగించి, తాళంలో ఒక చుక్క నూనె వేసి, రెండవ తాళంచెవి ఇంట్లో ఎక్కడ ఉందో ఇల్లాలికి కూడా చెప్పి ఉంచండి.