పిచ్చుకల కుచ్చు, కాకుల ముద్ద

కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట క్రొత్త వరికంకులను కుచ్చుగా నల్లి వీధియరుగుమీది చూరునకు వ్రేలాడగట్టుట మన గోదావరి మండలములందు పెద్దలనాటినుండి వచ్చుచున్న యాచారము. దేవాలయ మండపములందును ఇట్టి కుచ్చులు కట్టుదురు. అవి పిచ్చుకలకొఱకు. ఇంటిలో గింజ నిండినపుడు చూరుక్రింద గూడు పెట్టుకొనిన ప్రాణికిని పాలు ముట్టవలెనని మన పెద్దల తలంపు. ఏలూరునకు చెంతనున్న ఈ వట్లూరునకు మేము కాపురము వచ్చిన మొదటి సంక్రాంతికి మా యత్తగారు తామే పీట వేసికొని కూర్చుండి, ఆడపిల్లకు జడ యల్లినట్లు కుచ్చు నల్లి, మాచేత కట్టించిరి. ఆమె కాలము చేసి నాలుగేండ్లయినది. కుచ్చు కట్టుట మాత్రము మేము మానలేదు.

అయితే సోదరీమణులారా, కుచ్చు కట్టుట యొక యెత్తు, అది పిచ్చుకలకు దక్కుట యొక యెత్తు.

నిరుడు కట్టిన కుచ్చు మూడు దినములు నిలువలేదు. మొదటి దినమున చిలుకలు రెండు వచ్చి కంకులను మొదలంట కొఱికి, తిన్నదానికంటె రాల్చినది యెక్కువగా పాడుచేసి పోయినవి. రాలిన గింజలకు పావురములు దిగినవి. పావురముల సందడి చూచి గోరువంకలును, వానిని చూచి కాకులును చేరినవి. పిచ్చుకల జంట యెదుటి గోడపై కూర్చుండి, పెద్ద చుట్టములు లేచిన పిమ్మట తమకును విస్తరి వేయుదురా యని చూచు బీదబంధువులవలె చూచుచుండెను. చూడకేమి చేయును? పిచ్చుక తూకము 25 గ్రాములు, మహా యున్నచో 30. గోరువంక నూఱు గ్రాములకు పైబడినది. కాకియు పావురమును ఇంచుమించు 300 గ్రాములుండును. పదిమంది యెత్తుగల వానితో ఒకడు పంక్తికి కూర్చుండుట యెట్లు?

చిన్ననాట మా తండ్రిగారు మాచేత అమరము వల్లె వేయించిరి. కాకికి చెప్పిన పేళ్లలో బలిపుష్టము, బలిభుక్కు అనునవి యున్నవి. మనము పెట్టిన బలి తిని బ్రతుకునది గనుక ఆ పేళ్లు. తన పేరు తానే యఱచుకొనును గనుక ఆత్మఘోషము. కోకిల పిల్లను తన పిల్లయనుకొని సాకును గనుక పరభృత్తు. పిచ్చుకకు చటకము, కలవింకము అను రెండు పేళ్లే చెప్పిరి. ఆనాడు చింతబరికెకు వెఱచి వల్లించితిమే గాని, బలిపుష్టమను మాటకు అర్థము నిరుటి కథ జరిగినదాక మాకు బోధపడలేదు.

పెద్దపక్షులను తోలుటకు మేము చేయని ప్రయత్నము లేదు. మొదట కఱ్ఱకు నల్లగుడ్డ కట్టితిమి. కాకులు ఒకపూట అరచి, మఱునాటినుండి ఆ కఱ్ఱమీదనే వాలినవి. చచ్చిన కాకి నొకదానిని వ్రేలాడగట్టుడని పొరుగింటి పిన్నిగారు చెప్పిరి. చేలలో కొందఱు అట్లు చేయుదురు గాని, దీపము పెట్టు గుమ్మమున ఆ పని చేయుటకు మాకు చేతులాడలేదు. తళతళలాడు పాత సీడీలను దారమున గ్రుచ్చి చూరున కట్టితిమి. వానికి కాకులు నాలుగు దినములు బెదరినవి. పిచ్చుకలు ఎనిమిది దినములు రాలేదు. బెదరింపు ఏదైనను ఇంతియే, బలముగలది మొదట తేఱుకొనును, బలహీనము వెనుక తేఱుకొనును.

కొల్లేటి యొడ్డు గ్రామములందు చేపల చెరువులవారు నీటికాకులు వాలకుండ చెరువుపై తీగలు సాచుదురు, టపాకాయలు కాల్చుదురు. అది మనము చూచునదే. ఆ తలంపుతో మా యింటివారు సన్నని నైలాను వల నొకటి తెచ్చి అరుగు ముందు కట్టిరి. రెండవనాటి యుదయమున చూడగా పిచ్చుక యొకటి కాలు చిక్కుకొని తలక్రిందుగా వ్రేలాడుచున్నది. కత్తెరతో ఒక్కొక్క పోగే కత్తిరించి విడిపించునప్పటికి దాని గుండె మా పిడికిలిలో కొట్టుకొనుట ఇప్పటికిని చేతికి తెలియుచున్నట్లే యున్నది. బ్రతికి యెగిరిపోయినది గాని కాలివ్రేలొకటి వలలోనే మిగిలినది. ఆ పూటనే వల విప్పివేసితిమి. సన్నని నైలాను దారముగాని, గాలిపటములకు వాడు మాంజా దారముగాని పక్షి వచ్చు చోట కట్టవలదని మా మనవి.

ఇంతలో ఆ జంటయే మా కరెంటు మీటరు పెట్టెపై సందున గూడు పెట్టినది. పిచ్చుక గ్రుడ్లు పొదుగుటకు 11 మొదలు 14 దినములు పట్టును. పిల్ల రెక్కలు వచ్చి గూడు విడుచుటకు మఱి రెండు వారములు పట్టును. మా చిన్నవాడు పంచాంగములో గుర్తులు పెట్టుకొని లెక్కించుచుండెను. లెక్క తీరిననాడు పిల్ల యొకటి గూటినుండి అరుగుమీదికి దూకినది. రెండవ దూకుడు దూకకమునుపే కాకి తన్నుకొనిపోయినది. తల్లి గోడవెంట తిరుగుచు ప్రొద్దుగ్రుంకువఱకు అరచినది.

ఆనాటి కోపమున మేము చేసిన పని మంచిది కాదు. ఇంటిచుట్టు ఎక్కడ కాకి కనబడినను తోలవలెనని మా చిన్నవానికిని, మా యింటివారియొద్దకు చదువునకు వచ్చు పిల్లలకును చెప్పితిమి. పిల్లలకు అంతకన్న కావలసినదేమి? మూడు వారములు మట్టిబెడ్డలతో, పళ్లెముల మ్రోతతో మా దొడ్డిని యుద్ధభూమిని చేసిరి. కాకి మనుష్యుని ముఖమును గుర్తుపెట్టుకొను ప్రాణి. అమెరికాలో సియాటిల్ నగరమున నున్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునందు జాన్ మార్జ్‌లఫ్ అను పండితుడు 2006లో ఒక ముసుగు ధరించి కాకులను పట్టి విడిచెనట. ఆ ముసుగు ధరించి యెవరు నడచినను అక్కడి కాకులు ఏండ్లతరబడి వెంటబడి అరచినవి. అది వేఱుజాతి కాకి గాని, మన ఊరకాకికిని ఆ తెలివి కొఱవడలేదు. మా పిల్లలు వాకిట కాలు పెట్టగనే తాటిచెట్టుమీదినుండి ఒకటి కూయును, తక్కినవి లేచిపోవును. నాలుగవ వారమునకు మా యింటి పొలిమేరలో కాకి లేదు. మేము సంతోషించితిమి.

చైత్రమాసమున మా యత్తగారి తద్దినము వచ్చినది. విధియంతయు సక్రమముగానే జరిగినది. వాయసపిండమును దొడ్డిగోడమీద నుంచి, మా యింటివారు చేతులు జోడించి నిలుచుండిరి. కాకి రాలేదు. పురోహితులవారు “కొంచెముసేపు చూతము బాబూ, వచ్చును” అనిరి. ఒంటిగంట యైనది, రెండైనది. ఉదయమునుండి పచ్చిమంచినీళ్లు ముట్టని మనిషి, ఆ యెండలో, “అమ్మకు ఏమి లోటు చేసితిమో” అని ఒక్కమాట అనిరి. అప్పుడు మా చిన్నవాడు మా కొంగు పట్టుకొని, “నేను కొట్టబట్టి రాలేదా అమ్మా? మామ్మకు కోపము వచ్చినదా?” అని బావురుమనెను. కొట్టుమన్నది మేము, ఏడ్చుట వాడు. తుదకు పురోహితులవారి యనుజ్ఞతో పిండమును ఆవునకు పెట్టితిమి. మా యింటివారు మూడు దాటినతరువాత భోజనమునకు కూర్చుండిరి. మమ్ము నిష్ఠురమాడలేదు. ఆడియుండినచో బాగుండును.

ఆ రాత్రి నిద్ర పట్టక మా యత్తగారి దినచర్య తలచుకొంటిమి. ఆమె బ్రతికియున్నంతకాలము కుచ్చు ముందువైపున చూరుననే యుండెను, కాకులును ఉండెను. మఱి యీ తగవు లేకుండెనేమి? వంట కాగానే, ఎవ్వరికిని వడ్డింపకముందు, పిడికెడు అన్నము దొడ్డిగోడమీద ఆమె కాకిముద్ద పెట్టెడివారు. నిత్యము ఒకటే చోటు, ఒకటే వేళ. ఆమె పోయిన పిమ్మట ‘పెద్దవారి చాదస్తము’ అని మేము దానిని విడిచిపెట్టితిమి. పైగా మిగిలిన అన్నమును తొందరలో వీధివైపు కాలువగట్టున విదిలించుచుంటిమి. వెనుక వాకిట తినవలసినదానిని ముందువాకిటికి పిలిచినది మేమే. బలిపుష్టమునకు బలి మానిపి, దొంగయని బెడ్డలు వేయించితిమి!

మఱునాటినుండి కాకిముద్ద మొదలుపెట్టితిమి. తొమ్మిది దినములు దానిని చీమలే తిన్నవి. పదియవ దినమున ఒక కాకి వచ్చినది. ముద్ద చిన్నదిగా నుండవలెను, పావుగంటలో తినివేయునంతయే పెట్టవలెను. మిగిలినచో ఎలుకలు చేరును. వీధివైపున వండిన అన్నపుమెతుకు పడనీయరాదు. కాకికి వడ్లమీద అంత మోజు లేదు, మెతుకునకే వచ్చును. వచ్చినది గూటిని కనిపెట్టును.

పావురముల సంగతి వేఱు. వానికి పట్టుకొని వ్రేలాడుట రాదు. చదునైన చోట నిలిచి తినవలెను. కావున కుచ్చును పిడికిలి లావునకు మించకుండ అల్లి, ఒంటి జనుపత్రాటితో, చూరు లోపలివైపున గోడకు మూరెడు దూరమున కట్టితిమి. పిచ్చుక వాలినచో అది ఊగును, పిచ్చుకకు ఊగుట వేడుక. పావురము వాలబోయినచో జాఱిపోవును. ఇక రాలిన గింజలు. పూటపూటకు అరుగు ఊడ్చి చేటలోని కెత్తినయెడల పావురములు క్రింద తిరుగుటకు పని యుండదు. పావురములకు గింజలు వేయుట పుణ్యమని తలచు సోదరీమణులు కోపగింపకుందురు గాక. పట్టణములందు అవి మితిమీఱి పెరిగినవి. వాని రెట్టల ధూళి ఏండ్లతరబడి పీల్చినవారికి ఊపిరితిత్తుల జబ్బు వచ్చుననియే ముంబయి నగరపాలకులు 2025లో అక్కడి పేరుపొందిన కబూతర్‌ఖానాలను మూయించిరి. వెనిసు నగరమున సెంట్ మార్కు చౌకులో పావురములకై గింజలమ్ముటను 2008లోనే మాన్పించిరి.

నూకలు, కొఱ్ఱలు విడిగా పెట్టదలచినవారు ఇనుపతీగ జాలీతో గుండ్రని బుట్ట చేయించి దానిలోపల పెట్టుట మేలు. కన్ను అంగుళమున్నర యుండినచో పిచ్చుక దూఱును, గోరువంక దూఱలేదు. పళ్లెము మాత్రము అన్నివైపులనుండి జానెడు లోపల నుండవలెను. లేనిచో కాకి ముక్కు చాచి లాగివేయును. గూటిపెట్టె పెట్టువారు రంధ్రమును అంగుళంబావు, అనగా 32 మిల్లీమీటర్లు, ఉంచిన చాలును. మఱీ పెద్దదైనచో గోరువంకలు ఆక్రమించుకొనును.

నీటిమూకుడు దినమునకొకమారు తోమవలెను. ఇంగ్లండులో 2005 మొదలు గ్రీన్‌ఫించి అను చిన్నపిట్టలు ఒక సూక్ష్మజీవి తెచ్చు గొంతువ్యాధితో విరివిగా చచ్చినవి. అది మాసిన మేతపళ్లెముల వెంటను ప్రాకినది. మఱియొకమాట. పిచ్చుక పిల్లలకు తల్లి గింజ పెట్టదు, పురుగులు పెట్టును. ఇంటిముంగిట నాలుగు మందారములు, ఒక గోరింట పొద యుండి, వానిపై పురుగుమందు చల్లకుండినగాని ఎన్ని కుచ్చులు కట్టినను పిల్ల దక్కదు.

చిలుకల విషయమున మేము ఓడిపోయితిమి. అవి తలక్రిందుగా వ్రేలాడియు తినగలవు, త్రాడును కొఱకగలవు. వానిని పట్టి పంజరమున పెట్టుట నేరము. ఈ యేడు వానికై ప్రత్యేకముగా ఒక కుచ్చు దొడ్డివైపు జామచెట్టునకు కట్టి చేతులు జోడించితిమి. కాకిని మాత్రము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఎలుకలతో కలిపి హాని చేయు జంతువుల పట్టికలో నుంచినది. 2022 సవరణలో ఆ పట్టికనే తీసివేసిరి.

కుచ్చులకు కంకులు దొరకుటయే ఇప్పుడు కష్టము. కోతయంత్రము చేలో దిగినచో కాడతో కూడిన కంకి మిగులదు. యంత్రము రాకమునుపే గట్టువెంబడి రెండు పనలు కొడవలితో కోసి యుంచుమని రైతును ముందుగా అడుగవలెను. ఈ యేడు మా యింటివారు తమ బడిపిల్లవాని తండ్రిని అడిగి స్వర్ణకంకులు తెచ్చిరి. మా చిన్నవాడు అల్లుట నేర్చినాడు. వానిది కొంచెము వంకరగా నుండును గాని పిచ్చుకలు పట్టించుకొనలేదు. ఇప్పుడు మూడు జంటలు వచ్చుచున్నవి. వ్రేలు లేనిది కూడ వచ్చుచున్నది.

మొన్నటి చైత్రమున తద్దినమునాడు కాకి వచ్చినది. రెండుమార్లు గోడమీదికి దిగి, మా చిన్నవానిని చూచి రెండుమార్లును ఎగిరిపోయినది. వాడు గదిలోనికి పోయి తలుపు వేసికొనిన పిమ్మటనే పిండమును ముట్టినది.