బోరు ఒక్కటే చాలదు, కొలత కావాలి

విదేశీ సాయం అనగానే మనకు గుర్తొచ్చేవి పెద్ద డ్యాములు, రోడ్లు, కోట్ల అప్పులు. మన కరువు జిల్లాల్లో జరిగిన ఒక చిన్న ప్రయత్నం మాత్రం వేరే పాఠం చెబుతుంది.

1995లో నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో ‘ఏపీవెల్’ పథకం మొదలైంది. 2003 దాకా నడిచిన ఈ పథకంలో సన్న, చిన్నకారు రైతులు కలిసి వాడుకునేలా బోర్లు వేయించారు. అయితే అక్కడిది రాతినేల. రాతి పగుళ్ళలో నిలిచే కాసిని నీళ్ళే ఆధారం. వాటిని నింపేది ఏటా పడే వానే. వాన తగ్గి, చుట్టూ బోర్లు పెరిగితే సాయంతో వేసిన బోరు కూడా ఎండిపోతుంది.

అందుకే తర్వాతి పథకంలో దారి మార్చారు. మళ్ళీ నెదర్లాండ్స్ నిధులే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రైతులకు ఈసారి ఇచ్చింది కొలత పరికరాలు, శిక్షణ. ఎంత వాన పడింది, బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి, బోరు ఎంత పోస్తోంది అన్నవి రైతులే, ఆడా మగా, కొలిచి రాసుకునేవారు. రబీకి ముందు ఊరివాళ్ళంతా కూర్చుని, భూమిలో ఉన్న నీరెంత, అనుకున్న పంటలకు కావలసినదెంత అని లెక్క వేసేవారు. ఏ పంట వేయాలో ఎవరిష్టం వారిదే. సబ్సిడీ లేదు, నిషేధమూ లేదు.

చాలాచోట్ల రైతులు తక్కువ నీటి పంటలకు మళ్ళి, నీటి తోడకం తగ్గించారని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక చెప్పింది. వాతావరణం మారి వానలు గతి తప్పుతున్న ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

లోపమూ ఉంది. నిధులు ఆగాక చాలా ఊళ్ళలో ఈ లెక్కలు, సమావేశాలు సన్నగిల్లాయి. పథకానికి గడువు ఉంటుంది, కరువుకు ఉండదు.

మనలో చాలామందిమి సొంత ఊళ్ళో బోరు వేయించమని డబ్బు పంపుతుంటాం. మంచిదే. దాంతోపాటు ఒక వర్షమాపకం, నీటిమట్టం కొలిచే టేపు, రోజూ లెక్క రాసే మనిషికి కొన్నేళ్ళ పాటు చిన్న జీతం కూడా ఏర్పాటు చేయగలమా? రిజిస్టరు మీద దాత పేరు చెక్కించుకోలేం. కానీ ఆ బోరులో నీళ్ళు ఇంకెన్నాళ్ళు ఉంటాయో ఊరికి ముందుగా చెప్పేది అదే.