పాత పికప్ వాహనానికి ఏసీ అమర్చడం

మే నెల మధ్యాహ్నం టమాటా ట్రేలతో మదనపల్లె మార్కెట్ నుంచి బయలుదేరిన పాత పికప్‌ను ఊహించుకోండి. డ్రైవరు కాళ్ల దగ్గర ఇంజిన్ సెగ, తలమీద పలుచని రేకు కప్పు. ఇలాంటి వాహనానికి తరువాత ఏసీ బిగించవచ్చా? బిగించవచ్చు. అయితే ఏ భాగం మీద ఎంత భారం పడుతుందో ముందే లెక్క చూసుకోవాలి.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల సరుకు వాహనాల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అని కేంద్ర ప్రభుత్వం 2023లో నోటిఫికేషన్ ఇచ్చింది. మొత్తం బరువు 3.5 టన్నులు మించినవే ఈ తరగతుల్లోకి వస్తాయి. చిన్న పికప్‌లకు, అందులోనూ ఇప్పటికే రోడ్డెక్కిన పాతవాటికి, ఇది వర్తించదు. వాటి యజమానులకు మెకానిక్కే దిక్కు.

ఏసీ క్యాబిన్‌లోని ఉష్ణాన్ని తీసుకెళ్లి బయట వదిలే పరికరం. డాష్‌బోర్డు కింది ఎవాపరేటర్‌లో శీతలకం తక్కువ పీడనం వద్ద ఆవిరవుతూ, గాలి నుంచి గుప్తోష్ణాన్ని గ్రహిస్తుంది. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ ఆ ఆవిరిని సంపీడనం చేసి కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ అది ఉష్ణాన్ని వదిలి ద్రవమై, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ గుండా మళ్లీ ఎవాపరేటర్‌కు చేరుతుంది. ఇంట్లో ఫ్రిజ్ పనిచేసేది కూడా ఇలాగే.

అసలు చిక్కు కండెన్సర్ దగ్గర వస్తుంది. బయట గాలి 45 డిగ్రీలుంటే, ఆ గాలిలోకి ఉష్ణం పోవడానికి కండెన్సర్ అంతకంటే వేడిగా ఉండాలి. ఆర్-134ఎ శీతలకం 60 డిగ్రీల వద్ద ద్రవం కావాలంటే దాదాపు 17 బార్ల పీడనం అవసరం. పైగా కండెన్సర్‌ను రేడియేటర్ ముందే బిగిస్తారు కాబట్టి అది వదిలిన వేడిగాలే రేడియేటర్‌లోకి వెళ్తుంది. ఏసీ లేకుండా తయారైన బండి రేడియేటర్ ఈ అదనపు భారానికి సరిపోకపోవచ్చు. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు పైకి పోవడానికి కారణం ఇదే. అందుకే కండెన్సర్‌కు విడిగా విద్యుత్ ఫ్యాన్ పెట్టాలి, రేడియేటర్‌ను లోపల శుభ్రం చేయించాలి. ఫ్యాన్, బ్లోవర్ రెండూ కరెంటు తీసుకుంటాయి కనుక ఆల్టర్నేటర్ సామర్థ్యాన్ని కూడా చూడాలి. కంప్రెసర్ వాడుకునే శక్తి ఇంజిన్‌దే. ఆ మేరకు లాగే బలం కొంత తగ్గుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది.

ఖర్చు తగ్గుతుందని పాత సామాన్ల దుకాణంలో కంప్రెసర్ కొనేవారున్నారు. అది ఆర్-12 కాలం నాటిదైతే జాగ్రత్త. ఓజోన్ పొరకు హాని చేసే ఆ శీతలకాన్ని 1987 మాంట్రియల్ ఒప్పందం తరువాత క్రమంగా తొలగించారు. దానితో వాడిన మినరల్ నూనె ఆర్-134ఎతో సరిగా కలవదు. నూనె తిరిగి కంప్రెసర్‌కు చేరకపోతే అది కొద్దికాలంలోనే పట్టేస్తుంది.

గ్యాస్ నింపేముందు వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలిని, తేమను పూర్తిగా తీసేయాలి. పీడనం బాగా తగ్గినప్పుడు నీరు గది ఉష్ణోగ్రత వద్దే మరిగి ఆవిరై బయటకు వస్తుంది. తేమ మిగిలితే వాల్వ్ రంధ్రం వద్ద మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది. తొందరలో చాలాచోట్ల వదిలేసే పని ఇదే! "గ్యాస్ పట్టించినా చల్లగా లేదు" అనే ఫిర్యాదు వింటే ముందుగా దీన్నే అనుమానించండి.

చివరగా క్యాబిన్. తలుపు రబ్బర్లు అరిగి, ఇంజిన్ గోడకు రంధ్రాలుంటే వేడిగాలి నిరంతరం లోపలికి వస్తూనే ఉంటుంది. కప్పు కింద ఉష్ణనిరోధక పొర అతికించడం చవక పని. నన్నడిగితే, ఏసీకి ముందే చేయించాల్సిన పని కూడా.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఏసీ బిగించిన పికప్ హైవే మీద చల్లగా ఉండి, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రం చల్లబరచడం లేదు. కండెన్సర్ మీదుగా పోయే గాలిని దృష్టిలో ఉంచుకొని కారణం రాయండి.