తెర మీది లెక్క తప్పినప్పుడు

నాగులేటి ఒడ్డున ఉన్న కారంపూడి పేరు వినగానే తెలుగువారికి పల్నాటి యుద్ధమూ, వీరుల గుడీ జ్ఞాపకము వస్తాయి. నేడు ఆ ఊరిలోనూ, మన ఊళ్ళన్నింటిలోనూ నిత్యము జరుగుతున్న మరొక చిన్న పోరాటము ఉన్నది. అది కంప్యూటరు తెర ముందు జరుగుతుంది.

ఒక రైతు తన పొలము 1-బి నకలు కొరకు కంప్యూటరు కేంద్రానికి వచ్చినాడనుకొందాము. అక్కడి యువకుడు ఊరి పేరు, రైతు పేరు కొట్టి చూచి, "రికార్డు లేదు బాబాయ్" అన్నాడు. రైతు గుండె గుభేలుమన్నది. "మా తాతకాడ్నుంచి దున్నుతున్న చేనురా అబ్బాయ్! లేదంటావేంది?"

చేను ఎక్కడికీ పోలేదు. బహుశా రికార్డు కూడా పోలేదు. రికార్డుకూ తెరకూ నడుమ ఉన్న దారి ఎక్కడో తెగినది. భూమి, బియ్యము, హాజరు, మార్కులు, జీతము మొదలైనవన్నీ నేడు తెర మీదనే కనబడుతున్నవి. కనుక ఆ దారి ఎట్టిదో, అది తెగినప్పుడు ఎట్లు వెదకవలెనో ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ తెలిసి ఉండడము అవసరము.

చిట్టా, ఆవర్జా

పాతకాలపు షావుకారు దుకాణమును తలచుకొనండి. అక్కడ రెండు పుస్తకాలు ఉండేవి. ఏ రోజు ఎవరు ఏమి తీసుకొన్నారో, ఎంత చెల్లించినారో వరుసగా వ్రాసేది చిట్టా. ఒక్కొక్క మనిషి పేరున పద్దులన్నీ ఒకచోటికి చేర్చేది ఆవర్జా. "నా బాకీ ఎంత?" అని ఎవరైనా అడిగితే గుమాస్తా ఆ పేరుగల పుట తీసి, లెక్క చూచి, పైకి చదివేవాడు.

యాప్ అనేది చేసే పని కూడా ఇదే. మనము కొట్టిన వివరము సర్వరుకు, అనగా ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటరుకు పోయి నిలువ అవుతుంది. అడిగినప్పుడు సర్వరు తగిన పుట వెదకి తీస్తుంది. అది ఫోనుకు చేరి తెర మీద కనబడుతుంది. నమోదు, నిలువ, వెదకి తీయడము, చూపడము: ఇవి నాలుగు మజిలీలు. జరిగిన ప్రతి పనినీ, చేసినవారి గుర్తుతోనూ వేళతోనూ వ్రాసి ఉంచే చిట్టా కూడ సర్వరులో ఉంటుంది. లెక్క తప్పినప్పుడు మొదట విప్పవలసిన పుస్తకము అదే. ఇక ఒక్కొక్క మజిలీలో ఏమేమి తప్పులు దొరలునో చూతము.

ఊరి పేరు ఒక్కటే, వ్రాతలు రెండు

కారంపూడిని కారెంపూడి అని వ్రాయడము కూడ కలదు. చదివే మనిషికి ఇందులో చిక్కు లేదు. కంప్యూటరుకు మాత్రము అక్షరాలు తెలియవు, అంకెలే తెలియును. యూనికోడ్ అనే అంతర్జాతీయ ఏర్పాటులో తెలుగు లిపికి 3072 మొదలు 3199 వరకు 128 స్థానాలు కేటాయించినారు. అందులో క అంటే 3093, దీర్ఘము 3134, ర అంటే 3120, సున్న 3074, ఎత్వము 3142. కాబట్టి "కారం" అనే మాట కంప్యూటరులో 3093, 3134, 3120, 3074 అని ఉంటుంది. "కారెం" అనే మాట 3093, 3134, 3120, 3142, 3074 అని ఉంటుంది. నాలుగవ అంకె దగ్గరనే తేడా వచ్చినది. రెండూ ఒకటి కావని కంప్యూటరు తేల్చి, "రికార్డు లేదు" అంటుంది. ఇంగ్లీషు లిపిలో వ్రాసినా ఇంతే. నాలుగవ అక్షరము ఒకచోట ఏ, మరొకచోట ఇ.

దీనికి తోడు మరొక మార్పు వచ్చినది. కారంపూడి మండలము పూర్వము గుంటూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. జిల్లా, మండలము, గ్రామము అనే వరుసలో వెదకే ఏర్పాటులో జిల్లా పేరు పాతదైతే గ్రామము దాకా చేరడమే పడదు. పెట్టె నిండుగానే ఉన్నది. మన చేతిలోని తాళపుచెవి వేరు.

అందువలననే పేరును కాక సంఖ్యను తాళపుచెవిగా వాడడము మేలు. భారత ప్రభుత్వము జిల్లాలకూ, మండలాలకూ, గ్రామాలకూ సంకేత సంఖ్యలు ఇచ్చినది. పేరును ఎన్ని విధాల వ్రాసినా సంఖ్య మారదు. ఆంధ్ర ప్రదేశ్‌లో 2015లో ప్రారంభమైన మీభూమి వంటి ఏర్పాటులో సర్వే నంబరు, ఖాతా నంబరులతో వెదకే సౌకర్యము ఉంచినది ఇందుకే.

పాత నకలు

ప్రతిసారీ సర్వరు దాకా పోయి రావడము ఆలస్యమని, ఒకసారి తెచ్చిన వివరాన్ని యాప్ ఫోనులోనే దాచుకొంటుంది. తల్లి కుండలో నీళ్ళు తెచ్చి ఇంట్లో పెట్టుకొన్నట్లే. కుండలోని నీరు నిన్నటిది కావచ్చును. సర్వరులో హాజరు సరిదిద్దినా ఉపాధ్యాయుని ఫోనులో పాత లెక్కే కనబడడానికి కారణము ఇదే.

దీనిని పట్టుకొనడము తేలిక. అదే వివరాన్ని మరొక ఫోనులో చూడవలెను. అక్కడ సరిగా ఉంటే సర్వరు తప్పు లేదు. మన ఫోనులోని నకలు పాతబడినదని అర్థము. అయితే ఒక జాగ్రత్త. సంకేతము అందని చోట నమోదు చేసిన వివరాలు ఇంకా సర్వరుకు పోకుండా ఫోనులోనే ఉండవచ్చును. అవి పంపకముందే యాప్‌ను తీసివేసి మరల పెట్టినచో పాత నకలుతోపాటు కొత్త నమోదు కూడ పోతుంది. ముందు పంపి, ఆ పిమ్మట తుడవవలెను.

తెల్లవారుజాము పాలు

పాల కేంద్రములో తెల్లవారుజామున 5 గంటలకు ఒకామె పాలు పోసినదనుకొనండి. తేదీ 2. సాయంత్రము చూచుకొంటే ఉదయపు పాలు 1వ తేదీ లెక్కలో ఉన్నవి. సాయంత్రపు పాలు మాత్రము 2వ తేదీలోనే సరిగా ఉన్నవి. ఇది ఏమి వింత?

భూగోళ పాఠములో దీనికి సమాధానము ఉన్నది. మన దేశపు కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము మన కాకినాడ సమీపము నుండి పోతున్నది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 82½ డిగ్రీలకు 330 నిమిషాలు, అనగా 5½ గంటలు. సర్వరులు సాధారణముగా గ్రీనిచ్ రేఖాంశాన్ని అనుసరించిన ప్రపంచ కాలములో వేళను వ్రాసుకొంటవి. మనకు 2వ తేదీ ఉదయము 5 గంటలైనప్పుడు అక్కడ 1వ తేదీ రాత్రి 11½ గంటలు. చూపేటప్పుడు 5½ గంటలు తిరిగి కలపడము మరచినారా, ఉదయము 5½ గంటలకు ముందు పోసిన పాలన్నీ నిన్నటివి అవుతవి. తప్పు ఏ వేళల్లో వస్తున్నదో గమనిస్తే చాలు, కారణము తనంతట తానే బయటపడుతుంది.

భూమి లెక్కలలో మరొక కాలము కూడ ఉన్నది. అడంగలు ఫసలీ సంవత్సరము ప్రకారము ఉంటుంది. ఫసలీ జూలై 1న మొదలవుతుంది. 2024 జూన్ నెల ఫసలీ 1433లోనిది. జూలై నెల 1434లోనిది. సంవత్సరము తప్పు ఎంచుకొని, పంట నమోదు కాలేదని దిగులుపడడము కద్దు.

సున్నకూ ఖాళీకీ భేదము

విద్యార్థి పరీక్ష వ్రాసి ఏమీ తెచ్చుకొనకపోతే సున్న. మార్కులు ఇంకా అందకపోతే ఖాళీ. ఈ రెండూ వేరు. ఖాళీగా ఉన్న గడిని చూపవలసి వచ్చినప్పుడు సున్న వేసే యాప్ అబద్ధము చెప్పినట్లే. "ఇంకా రాలేదు" అని చూపడమే న్యాయము.

ఇటువంటి పొరపాట్లు ఎంత దూరము పోగలవో 2019లో తెలంగాణలో చూచినాము. ఆ ఏప్రిల్ 18న ఇంటర్మీడియట్ ఫలితాలు ప్రకటించినారు. పరీక్ష వ్రాసినవారిని రాలేదని చూపినట్లు ఫిర్యాదులు వచ్చినవి. ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చినట్లు ఉన్నది. జవాబు పత్రము తీసి చూడగా ఆమెకు వచ్చినవి 99 మార్కులు. దిద్దినవారు మార్కుల పత్రము మీద 9, 9 గడులకు బదులు 0, 0 గడులను నింపినారు. కంప్యూటరు తనకు అందినదానిని నమ్మకముగానే చూపినది. ఆ దినాలలో కొందరు విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. రాష్ట్రమంతటా ఆందోళన చెలరేగినది. ప్రభుత్వము ముగ్గురు సభ్యుల సంఘాన్ని నియమించి, తప్పినవారందరి పత్రాలను రుసుము లేకుండా తిరిగి పరిశీలింపజేసినది. వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది.

ఇక్కడ తప్పు దొరలినది మొదటి మజిలీలో. దానిని తెర మీద ఎంత వెదకినా దొరకదు; మూలపత్రమే చూడవలెను. మిగిలిన అన్ని విషయాలలోనూ మంచి మార్కులు వచ్చి ఒకదానిలో సున్న కనబడితే, ప్రకటించక ముందే ఆగి చూడమని కంప్యూటరుకు నేర్పవచ్చును. ఇద్దరు వేర్వేరుగా నమోదు చేసి, రెండు నమోదులనూ పోల్చి చూడడము ఇంకొక రక్షణ.

కాపలా అంకె

సంఖ్యలను కొట్టడములో వచ్చే తప్పులను పట్టడానికి గణితము ఒక చక్కని ఉపాయము చెప్పినది. 4725 అనే సంఖ్య తీసుకొనండి. అంకెలను వరుసగా 1, 3, 1, 3 చేత హెచ్చవేసి కూడితే 4, 21, 2, 15 మొత్తము 42. దీనిని 50 చేయడానికి 8 కావలెను. కనుక 8ని చివర చేర్చి 47258 అని వ్రాయుదము. ఎవరైనా 7కు బదులు 1 కొట్టినచో మొత్తము 32 అవుతుంది, 10చే భాగింపబడదు, తప్పు పట్టుబడినది.

అయితే 7నూ 2నూ తారుమారు చేసి చూడండి. 4, 6, 7, 15, 8 మొత్తము 40! దొంగ తప్పించుకొన్నాడు. ఈ లోపము లేని పద్ధతిని డచ్చి గణితజ్ఞుడు వెర్హోఫ్ 1969లో ప్రకటించినాడు. ఒక అంకె మారినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది తప్పక పట్టుకొంటుంది. మన ఆధార్ సంఖ్యలోని 12 అంకెలలో చివరిది ఈ పద్ధతి ప్రకారము వచ్చిన కాపలా అంకెయే. ఇది సంఖ్యను మాత్రమే కాపాడును. సంఖ్య సరియైనదై, దాని కింద వ్రాసిన మార్కులు తప్పైతే కాపలా అంకె ఏమీ చేయలేదు.

వెదకే క్రమము

వైద్యుడు రోగిని ప్రశ్నించినట్లే ఇక్కడా ప్రశ్నలు వేయవలెను. మొదటి ప్రశ్న: తప్పు ఒక్కరికేనా, అందరికీనా? ఒక్కరికే అయితే నమోదునూ తాళపుచెవినీ అనుమానించవలెను. అందరికీ అయితే సర్వరునో చూపే విధానాన్నో అనుమానించవలెను. రెండవ ప్రశ్న: ఎప్పటినుండి? ఆ రోజున ఏమి మారినది? మూడవది: మరొక ఫోనులో, మరొక తాళపుచెవితో చూస్తే ఏమవుతుంది?

మజిలీలు ఎక్కువైనప్పుడు మొదటినుండి చివరకు నడువక, మధ్యలో ఆగి చూడవలెను. అక్కడ వివరము సరిగా ఉంటే తప్పు ముందున్నది. లేకుంటే వెనుక ఉన్నది. ఒక్క ప్రశ్నతో సగము దారి తగ్గిపోతుంది. 16 మజిలీలున్నా 4 ప్రశ్నలు చాలును. 1000 ఉన్నా 10 చాలును. ఒకేసారి నాలుగు మార్పులు చేయరాదు. ఒకటి మార్చి, ఫలితము చూచి, వ్రాసుకొని, మరొకటి మార్చవలెను. ప్రయోగశాలలో మనము పాటించే నియమము ఇదే కదా!

తరగతిలో దీనిని ఏ కంప్యూటరూ లేకుండానే చూపవచ్చును. నలుగురు విద్యార్థులను నాలుగు మజిలీలుగా నిలబెట్టండి. మొదటివాడు పది పేర్లు, మార్కులు చీటీల మీద వ్రాయును. రెండవవాడు పట్టికలో ఎక్కించును. మూడవవాడు అడిగిన చీటీ తీయును. నాలుగవవాడు నల్లబల్ల మీద వ్రాయును. వారిలో ఒకరికి రహస్యముగా ఒక తప్పు చేయమని చెప్పండి. ఎన్ని తక్కువ ప్రశ్నలతో తప్పు చోటు కనుగొనగలరో తరగతిని అడగండి. ప్రతివాడూ తాను చేసిన పనిని ఒక చిట్టాలో వ్రాస్తే పని ఎంత సులువవుతుందో వారే గ్రహిస్తారు.

మన రైతు సంగతి ఏమైనది? యువకుడు పేరు వదలి, పాత పాసుపుస్తకములోని సర్వే నంబరు కొట్టి చూచినాడనుకొందాము. చేను కనబడినది, ఊరి పేరులో ఎత్వము ఒక్కటే అడ్డము వచ్చినది. "రికార్డు లేదు" అనే మాటకు "నేను వెదకిన చోట, వెదకిన పేరున లేదు" అనియే అర్థమని ఆ యువకునికి ముందే తెలిసి ఉంటే, ఒక పెద్దాయన గుండె అంతగా అదిరి ఉండేది కాదు.